రెండు బస్తాల రేగడి మట్టి

ఏప్రిల్ నెలలో ఒక శనివారం, పొద్దున్న ఆరు గంటలకు ఎల్.బి.నగర్‌లో విజయవాడ బస్సెక్కాం. నా పక్కన కిటికీ దగ్గర హరుకో గారు. ఆమె జపాన్‌లో ప్రొఫెసరు. నేను హైదరాబాదులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. రెండేళ్ళుగా మేమిద్దరం ఒకే పని మీద ఉన్నాం. నల్లరేగడి మట్టిలో మామూలు మైక్రోస్కోపుకు కూడా ఆనని సన్నని రేకులుంటాయి. వాటిని వేరుచేసి నీళ్ళలో కలిపితే జున్నులా మెత్తగా గడ్డకడుతుంది. అది మొక్కల వేళ్ళ దగ్గర నీటిని పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వదులుతుందని మా ఆశ.

చిక్కేమిటంటే, అది జపాన్‌లోనే గడ్డకడుతోంది. నా దగ్గర ఎన్నిసార్లు చేసినా మజ్జిగలా కారిపోతోంది. మట్టి ఒకటే, పద్ధతి ఒకటే. మూణ్ణెల్ల క్రితం విసుగెత్తి, సీసాల్లో మిగిలిన ఉప్పు వల్లే అక్కడ గడ్డకడుతోందేమోనన్న అనుమానంతో, "మీ విద్యార్థులు సీసాలు శుభ్రంగా కడుగుతున్నారో లేదో చూడండి" అని రాశాను. "నేనే వస్తాను. మట్టి తవ్విన చోటు చూద్దాం" అని ఆమె జవాబిచ్చారు. కోపంతో వస్తున్నారో, స్నేహంతో వస్తున్నారో నాకు అంతుబట్టలేదు. నెలాఖరు లోపు రెండు ల్యాబ్‌ల ఫలితాలు కలవకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది.

సూర్యాపేట దాటాక పావుగంట టిఫిన్‌కు ఆపారు. హరుకో గారు ఇడ్లీ తిని, అల్లం చట్నీ రెండోసారి అడిగి వేయించుకున్నారు. తొమ్మిదిన్నరకు చిల్లకల్లులో దిగి, షేర్ ఆటోలో జగ్గయ్యపేట చేరాం. మా దారిన వెళ్ళేవాళ్ళు చిల్లకల్లులో ఆపమని డ్రైవరుకు ముందే చెప్పుకోవాలి. హైవే బస్సులన్నీ ఊళ్ళోకి రావు.

జగ్గయ్యపేటలో నాగేశ్వరరావు గారుంటారు. మా ల్యాబ్‌లో అటెండరుగా చేసి రిటైరయ్యారు. ఆ రెండు బస్తాల మట్టీ తెచ్చింది ఆయనే. ఒకటి జపాన్ పంపాను, ఒకటి నేనుంచుకున్నాను. పొలానికి దారి కనుక్కుందామని వెళ్ళాం, అంతే. మజ్జిగ తాగుతూ ఊరికే అడిగాను.

"రెండు బస్తాలూ ఒకే పొలంలోవి కదండీ?"

"నందిగామ వైపువేనండి" అన్నారాయన.

"వైపంటే?"

"ఒకటి మా వదినగారి పొలంలోదండి. రెండోది నింపేలోపు వాన పట్టుకుంది. వానపడ్డాక ఆ నేల కాలు పెట్టనిస్తుందా? మర్నాడు చెవిటికల్లులో మా మేనల్లుడి చేలో నింపుకొచ్చా. అక్కడా నల్లగానే ఉంది. మీరు నల్లమట్టే కదండీ అడిగింది?"

నిజమే. నేనడిగింది అదే.

"మరి ఏది జపాన్ వెళ్ళింది?"

"రెండూ తెచ్చి మీ బల్ల కింద పెట్టా మేడమ్. ఏది ఏ దేశమెళ్ళిందో నాకెట్టా తెలుస్తుంది?"

చెవిటికల్లు కృష్ణ ఒడ్డున ఉంది. నందిగామ మెరకలో మట్టి వేరు, అక్కడి మట్టి వేరు. రెండు బస్తాలకూ ఒకే చీటీ రాసి అంటించింది నేను. రెండూ కలిపి, మళ్ళీ పంచుకోవాలన్న మొదటి పాఠం మరిచిపోయిందీ నేనే.

"ఏమంటున్నారు?" అని హరుకో గారు అడిగారు.

"పొలం నందిగామ దగ్గరట" అన్నాను. అబద్ధం కాదు. కానీ మిగతా సగం ఎందుకు చెప్పలేదో నాకే తెలియలేదు.

పదకొండుంబావుకు నందిగామ బస్సు దొరికింది. ఎదురు సీట్లో పచ్చిమిర్చి సంచితో కూర్చున్న ఒకావిడ హరుకో గారిని ఎగాదిగా చూసి, "ఏ ఊరమ్మా ఈవిడది? ఏం పని మీదొచ్చింది?" అంది.

"జపాన్ అండి. మట్టి కోసం వచ్చారు."

"మట్టి కోసమా! అక్కడ మట్టి లేదా, పాపం?"

దాన్ని మాత్రం పూర్తిగా అనువదించాను. హరుకో గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మొత్తం చెప్పేయాలని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ నీళ్ళు తాగాను.

పన్నెండున్నరకు నందిగామలో ఆటో మాట్లాడుకుని పొలానికి వెళ్ళాం. నాగేశ్వరరావు గారి వదిన వెంకాయమ్మ గారు గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. పత్తి తీసేసిన నేల జానెడేసి నెర్రెలు విచ్చి ఉంది. హరుకో గారు వంగి ఒక నెర్రెలోకి చెయ్యి పెట్టారు, మోచేతి దాకా దిగింది. తర్వాత తన సంచిలోంచి మట్టి డబ్బా తీసి, నా డబ్బా కూడా ఇమ్మన్నారు. రెండూ వెంకాయమ్మ గారి ముందు పెట్టి, ఏది ఈ పొలానిదో అడగమన్నారు.

వెంకాయమ్మ గారు రెండింటినీ తడిపి వేళ్ళతో నలిపారు. "ఈవిడ తెచ్చింది మాదే. వేలికి బంకలా పట్టుకుంది చూడు. నువ్వు తెచ్చింది మాది కాదమ్మా, ఏటి మట్టి. గరగరలాడుతోంది."

మా యంత్రాలూ ఈ తేడా చూపకపోలేదు. రెండు గ్రాఫులూ మొదటి నుంచీ వేరుగానే ఉన్నాయి. అవతలివాళ్ళ యంత్రం పాడైందని ఇద్దరం అనుకున్నాం, అంతే.

ఇక దాచలేకపోయాను. ఆ గట్టు మీదే నిలబడి బస్తాల సంగతి, చీటీల సంగతి, ఇందాక సగమే చెప్పిన సంగతి, అన్నీ చెప్పాను. "సీసాల గురించి అలా రాయకుండా ఉండాల్సింది. క్షమించండి" అన్నాను.

ఆమె రెండు డబ్బాలకూ మూతలు బిగించారు. "నా విద్యార్థిని మూణ్ణెల్లుగా ప్రతి సీసా రెండుసార్లు కడుగుతోంది. చేతులు పగిలాయి" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత నెమ్మదిగా, "మొదటి నెలలోనే వీడియోలో మీ మట్టి రంగు వేరుగా కనిపించింది. అడిగితే మిమ్మల్ని అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాను" అన్నారు.

ఆ మాటతో నా బరువు తగ్గిందో, ఇంకా పెరిగిందో చెప్పలేను.

వెంకాయమ్మ గారు భోజనం చేయనిదే కదలనివ్వలేదు. గోంగూర, పప్పు, పెరుగు. ఏ మట్టీ మూట కట్టుకోలేదు. ఈసారి జపాన్‌కు మట్టి పంపే అనుమతి కాగితాలు వచ్చాకే, ఇద్దరం దగ్గరుండి తవ్వించాలనుకున్నాం.

నాలుగింటికి హైదరాబాదు బస్సు దొరికింది. కోదాడ వచ్చే దాకా నాకు ఒకటే ఆలోచన. రెండేళ్ళ పని వృథా అయిందా, లేక తెలియకుండానే రెండు రకాల మట్టిని పోల్చి చూశామా? అటూ ఇటూ ఎంత ఆలోచించినా తెగలేదు. ప్రాజెక్టు నిలుస్తుందో లేదో అసలే తెలియదు. ల్యాప్‌టాప్ తెరిచి నివేదిక మొదలుపెట్టాను. "మట్టి విషయంలో నేను పొరపాటు చేశాను" అని ఇంగ్లీషులో రాసి ఆమెకు చూపించాను.

హరుకో గారు ఒక్క మాట చెరిపేశారు. 'నేను' ఉన్నచోట 'వుయ్' అని టైపు చేసి ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టారు. ఇంగ్లీషులో మేము అన్నా మనం అన్నా అదే మాట. ఆమె ఏ అర్థంలో రాశారో అడగలేదు. నేను మాత్రం 'మనం' అనే చదువుకున్నాను.