బాపు బీడీల పద్దు

2023లో నేను కొత్వాల్‌గూడలో ఒక పొదుపు పరపతి సంఘానికి అకౌంటెంటుని. పక్కనే ఉన్న ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, చుట్టుపక్కల కూరగాయలు పండించేవాళ్లు మా సభ్యులు. విమానం దిగుతుంటే ఆఫీసు కిటికీ అద్దాలు గడగడలాడేవి. చెప్తున్న మాట ఆపి, అది పోయాక మళ్లీ అందుకోవడం మాకందరికీ అలవాటు.

ఆ ఏడాదే పిల్లల పొదుపు మొదలుపెట్టాం. ప్రతి పిల్లకీ ఒక తాళం డబ్బా, ఒక పాస్‌బుక్, ఒక ఇంటి ఖర్చు పుస్తకం. పుస్తకంలో మూడు గళ్లు: ఎవరికి, దేనికి, ఎంత. శనివారం మధ్యాహ్నం పిల్లలు డబ్బాలు తెస్తే పాస్‌బుక్‌లో జమ రాసి, ఖర్చు పుస్తకం దిద్దేదాన్ని. "ఒక్క రూపాయి కూడా దాచొద్దు, ఇంట్లో ఏం ఖర్చయితే అది రాయాలె" అని గొంతు చించుకునేదాన్ని. ఓ పిల్ల తండ్రి గుట్కా లెక్క అందరి ముందూ చదివి, ఆయన పరువు తీసింది. అప్పట్నుంచి నేనేదో ఊరిని ఉద్ధరించినట్టు తెగ మురిసిపోయాను.

నవ్య అయిదో తరగతి. డబ్బాలో ప్రతి వారం కచ్చితంగా నూట నలభై రూపాయలు తెచ్చేది. నేను శభాష్ అనేదాన్ని తప్ప ఎక్కడివని అడగలేదు. ఎప్పుడూ కూడికలే సరిచూసే నేను, ఒక శనివారం ఆ పిల్ల పుస్తకంలో వరసలు కూడా చదివాను. ఏడు రోజులూ ఒకే వరస ఉంది: బాపు, బీడీల కట్ట, ఇరవై.

నవ్య వాళ్ల నాన్న యాదయ్య చనిపోయి తొమ్మిది నెలలు. కార్గోలో లోడర్‌గా చేసేవాడు. సొంతూరికి వెళ్లినప్పుడు అక్కడే పోయాడని భార్య సుజాత కాగితాలు తెచ్చింది. డెత్ రిలీఫ్, అంటే సభ్యుడు పోతే కుటుంబానికి సంఘం ఇచ్చే సొమ్ము, నవ్య పేరున డిపాజిట్ చేసింది నేనే.

"ఈ బీడీలు ఎవరికి బిడ్డా?" అన్నాను.

"బాపుకు మేడం. పొద్దుమూకంగ వస్తడు గదా" అంది నవ్య, మామూలుగా.

మా సెక్రటరీ నా భుజం మీంచి చూస్తున్నాడు. పిల్ల వెళ్లాక గొంతు తగ్గించి అన్నాడు: "సచ్చినోడు బీడీలు తాగుతుండంటే ఏంది మేడం కత? సోమవారం దాంక టైమిస్తున్న. దొంగ కాగితమైతే రికవరీ పెడత, మొత్తం వాపస్ తీసుకుంట. ఫీల్డ్ విజిట్ చేసిన అని సంతకం పెట్టింది నువ్వే."

నిజమే, సంతకం నాదే. కానీ విజిట్ నేను చేయలేదు. ఎండలో ఎవరు పోతారని, ఇల్లు చూసి విచారించాను అని కుర్చీలో కూర్చునే రాసేశాను. ఆ పిల్ల చదువు డబ్బూ నా ఉద్యోగమూ, రెండూ ఆ ఒక్క అబద్ధం మీద వేలాడుతున్నాయి.

అదే సాయంత్రం వాళ్ల కిరాయి ఇంటికి వెళ్లాను. సుజాత డ్యూటీలో ఉంది. అరుగు మీద యాదయ్య తల్లి నర్సమ్మ చేతికర్ర పక్కన పెట్టుకుని, ఆకు వక్క నములుతూ కూర్చుని ఉంది. ఆమెకు రెండు కళ్లూ కనబడవు. సంఘం నుంచి వచ్చానని చెప్తే పక్కన చోటు చూపించింది.

"కూసో బిడ్డా. నా కొడుకొచ్చే యాళ్ల అయింది."

వీధిలో వెలుతురు తగ్గుతోంది. పైన ఒక విమానం వెళ్లింది, ఆ మోత ఆగేసరికి గోడ అవతల చెప్పులు ఈడ్చుకుంటున్న చప్పుడు వినిపించింది. మగవాళ్ల చెప్పులే. తాళంచెవుల గుత్తి గలగలమంది. ఆ తర్వాత ఒక దగ్గు. లేచి పారిపోదామని చేతిసంచి అందుకున్నాను.

"వచ్చినవా కొడకా?" అంది ముసలామె. రొంటిన ఉన్న సంచిలోంచి ఇరవై నోటు తీసి గాలిలోకి చాపింది. "ఇగో, బీడీలకు."

గోడ మలుపులోంచి ఒక చిన్న చెయ్యి వచ్చి నోటు అందుకుంది.

నవ్య! కాళ్లకు వాళ్ల నాన్న చెప్పులు, వేలికి వాళ్ల నాన్న తాళంచెవులు. నన్ను చూసి బిగుసుకుపోయింది. చెప్పొద్దు అన్నట్టు రెండు చేతులూ జోడించింది. నేను తల ఊపాను. చెప్పులు ఈడ్చుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నా కొడుకు కాళ్ల సప్పుడు నాకెర్క లేదా బిడ్డా? ఆడు పోయిననాడు నేను దవాఖానల ఉంటి. డబల్ డ్యూటీ చేస్తుండని నాకు చెప్పిన్రు. ఇంటికొచ్చిన దినమే ఈ పోరి చెప్పులేసుకొని నడిచింది. గంతే, ఎర్కైపోయింది."

"మరి పైసలెందుకిస్తున్నవు అవ్వా?"

"ఒక్కనాడన్న బీడీ వాసన రాలె. నీ డబ్బాల ఏస్తదని సుజాత చెప్పింది, నాకు తెల్సని ఆమెకొక్కదానికే ఎర్క. నా పింఛను పైసలే. నాకు తెల్సని చెప్తే అది ఇంత కష్టపడి దగ్గుడెందుకు? ఇద్దరం కూసోని ఏడ్సుడే అయితది. జర నువ్వు కూడ చెప్పకు."

ఏడు ఇరవైలు, నూట నలభై. ఇంటికి వెళ్తూ దారి పొడవునా ఏడ్చాను. ఆదివారం వాళ్ల సొంతూరికి బస్సెక్కి, నలుగురిని విచారించి, సోమవారం రిపోర్టు రాశాను: సభ్యుడు మరణించిన మాట వాస్తవం. మొదటి విజిట్ నేను చేయలేదని కూడా రాశాను. సెక్రటరీ నానా మాటలూ అని, చివరికి మెమోతో వదిలేశాడు. డిపాజిట్ నవ్య పేరునే ఉండిపోయింది.

ఏ ఇంటి లెక్కయినా ఆ ఇంటి గడప దాకా వెళ్లి చూడందే దిద్దకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. నర్సమ్మ మరుసటి ఏడాది పోయింది. ఆ తర్వాతి శనివారం నవ్య పుస్తకం అందరికన్నా చివర తెరిచాను. బాపు బీడీల పద్దు లేదు. దాని చోట ఏడు రోజులూ కొత్త వరస ఉంది: అవ్వ, ఆకు వక్క, పది.

"ఎవరిస్తున్నరు బిడ్డా?" అన్నాను.

"అమ్మ. పొద్దుమూకంగ అరుగు మీద అవ్వ చేతికర్ర సప్పుడైతది గదా మేడం, అప్పుడిస్తది."

డబ్బాలో డెబ్బై రూపాయలున్నాయి. జమ రాసి, ఆ ఏడు వరసలకూ ఎర్రసిరాతో టిక్కు పెట్టాను.