గట్టిదా, డొల్లదా?

మా నాన్న బొగ్గుబాయిలో సర్దారు. ఇల్లందు వైపు భూమి లోపలి గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. సర్దారంటే ఒక షిఫ్టులో పాతిక ముప్పై మందికి పెద్ద. వాళ్లకంటే ముందు తను లోపలికి వెళ్లి, నెత్తిమీది రాతికప్పు నిలబడుతుందో పడుతుందో చూసి చెప్పాలి. చూడడమంటే కళ్లతో కాదు, చెవితో. ఇనుప పొన్ను తొడిగిన కర్రతో కప్పును పొడిచి వినాలి. రాయి గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే మూగగా, డొల్లగా పలుకుతుంది. అలా పలికిన చోట కింద ఆసరాగా కర్ర ప్రాపులు నిలబెట్టేదాకా మనిషిని అడుగు పెట్టనివ్వకూడదు.

కొత్త సర్దార్లు ఒక చేత్తో పొడుస్తూ రెండో చేతిని కప్పుకు ఆనించి ఉంచుతారు. పొర విడిపోయి ఉంటే ఆ అదురు అరచేతికి తెలుస్తుంది. అది మంచి పద్ధతి. మా నాన్న మాత్రం చెయ్యి ఆనించేవాడు కాదు. "చెయ్యి పెట్టుడు చెవి లేనోళ్ల పని" అనేవాడు, మీసం మీద వేలు పోనిస్తూ. కప్పు పరీక్ష చేశాక దాని కిందే తను ముందు నిలబడి, నాటకం పద్యంలో ఒక పాదం తీసేవాడట. పద్యం వినబడితేనే మిగతావాళ్లు కదిలేవాళ్లు. ఇరవై ఏళ్లలో ఆయన షిఫ్టులో ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగలలేదు. కాలనీలో ఆడవాళ్లు తమ మొగుళ్లను మా నాన్న షిఫ్టులో వేయమని మొక్కుకునేవాళ్లు. ఇదంతా వింటూ పెరిగిన నాకు గర్వం లేదంటే అది పచ్చి అబద్ధం.

మా క్వార్టర్లో ముందు గదిలో, కిటికీ పక్కన, గోడ సిమెంటు పొర ఇటుక నుంచి వదిలేసి ఉండేది. పైకి ఏమీ తెలియదు. నాకు ఐదారేళ్లప్పుడు నాన్న నన్ను అక్కడ నిలబెట్టి, కళ్లు మూసుకోమని, తన కర్రతో గోడను అక్కడా ఇక్కడా కొట్టి అడిగేవాడు. "గట్టిదా, డొల్లదా?" నేను సరిగ్గా చెబితే నన్ను భుజం మీదికెక్కించుకుని వీధంతా తిప్పేవాడు. "నా చెవి వచ్చింది దీనికి" అని అందరికీ చెప్పేవాడు.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చివరి ఏడాది ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నాను. మా లెక్చరర్ గ్రీకుల పాత విషాద నాటకాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన గొంతు నిద్రపుచ్చే గొంతు, కానీ ఆ రోజు నేను నిద్రపోలేదు. "నాయకుడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడు పడిపోతే మనకు పీడా విరగడవుతుంది, అంతే. వీడు పెద్దవాడు. వీడిలో ఉండేది ఒక్క లోపం. అది ఎక్కడినుంచో ఊడిపడదు. వాణ్ణి పెద్దవాణ్ణి చేసిన గుణమే ఒక మెట్టు ఎక్కువై వాణ్ణి ముంచుతుంది. చూసేవాళ్లకు జాలి, భయం రెండూ కలగాలి" అన్నాడు. నేను పక్కనున్న అమ్మాయితో, "మా నాన్న ప్రతి దసరాకు ఇట్లనే చస్తడు" అని నవ్వాను. అది నిజమే. కాలనీలో ఉండే రిటైరైన పంతులొకాయన రాసిన పద్యనాటకంలో మా నాన్నది రాజు వేషం. నిజం చెప్పిన మంత్రిని సభలోంచి వెళ్లగొట్టి, ఒంటరిగా యుద్ధానికి పోయి చచ్చే రాజు. నాకు స్టేజీ మీది రాజే గుర్తొచ్చాడు గాని, బాయిలోని సర్దారు గుర్తుకు రాలేదు.

ఆ దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. నాటకం సాయంత్రమే మొదలైంది. నాన్న కిరీటం పెట్టుకుని వచ్చి పద్యం ఎత్తుకున్నాడు. హార్మోనియం ఒక శ్రుతిలో పోతోంది, నాన్న గొంతు ఇంకో దారిన పోతోంది. హార్మోనిస్టు పాపం తనే శ్రుతి తగ్గించి, పెంచి, చివరికి నాన్న వెంట పరుగెత్తలేక చేతులు తీసేశాడు. జనంలో గుసగుసలు బయలుదేరాయి. వెనక ఎవడో ఈల వేశాడు. నాన్నకు అదేమీ పట్టలేదు. ఇంకా గట్టిగా అందుకున్నాడు. పక్కనే కూర్చున్న అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

దిగి వచ్చాక నాన్న ఆ హార్మోనిస్టును నలుగురిలో చెడామడా తిట్టాడు. "పెట్టె పట్టుకునుడు నేర్చుకొని రా పో" అన్నాడు.

మర్నాడు పొద్దున వంటింట్లో కుక్కర్ నాలుగు కూతలు కూసింది. నాన్న దాని పక్కనే నిలబడి చాయ్ తాగుతూ, "ఇంక కుక్కర్ పెట్టలేదానె?" అని అమ్మను అడిగాడు. ఆయన బయటికి వెళ్లాక అమ్మ చేయి పట్టుకున్నాను.

"ఏడాదాయె" అంది అమ్మ, పొయ్యి వైపే చూస్తూ. "ఎవరన్న మాట్లాడితే మొకం సూసి పోల్చుకుంటడు. నీ నోట్లెకెళ్లి మాట బయటికి రావద్దు. చెవి పోయిందంటే ఆ మనిషి బతకడు."

"మరి బాయిల? కప్పు ఎట్ల ఇంటుండు?"

"మీ మామ ఉన్నడు గద" అంది.

మామంటే మాకు చుట్టం కాదు. అడవి పల్లె నుంచి సైకిల్ మీద డ్యూటీకి వచ్చే టింబర్ మనిషి. ప్రాపులు నిలబెట్టడం ఆయన పని. మొదటి రోజు నుంచీ నాన్నతోనే ఉన్నాడు. నాన్నకు వినబడడం లేదని అందరికంటే ముందు కనిపెట్టింది ఆయనే. ఎవరికీ చెప్పలేదు. నాన్న కప్పు పొడుచుకుంటూ ముందుకు పోతే, వెనక నుంచి తన గొడ్డలి మడమతో మళ్లీ కొట్టి వింటున్నాడు. డొల్లగా పలికితే, "అన్నా, ఈడ రెండు ప్రాపులు ఎక్కువ పెడ్తనే, కర్ర మిగిలింది" అంటున్నాడట. నాన్న పరువు పోకుండా, మనుషుల ప్రాణాలు పోకుండా ఏడాదిగా అలా నెట్టుకొస్తున్నాడు. అమ్మకు ఆ సంగతి ఆయనే చెప్పాడు.

ఆ తర్వాత సెలవులు సెలవుల్లా గడవలేదు. బాయి సైరన్ షిఫ్టు మారేటప్పుడు రోజుకు మూడుసార్లు మోగుతుంది. వేళ కాని వేళ మోగితే లోపల ఏదో అయినట్టు. నాన్న పొద్దున షిఫ్టుకు పోయినప్పటి నుంచి అమ్మ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా పని చేసుకునేవాళ్లం. ఏ లారీ హారన్ కొట్టినా అమ్మ చేతిలో గిన్నె ఆగిపోయేది. రెండున్నర దాటాక, నల్లటి బట్టలతో నాన్న సందు మలుపు తిరగడం కనబడితే అప్పుడు అమ్మ మళ్లీ గిన్నె అందుకునేది. నోట్‌బుక్ తెరిస్తే లెక్చరర్ చెప్పగా రాసుకుని నేనే ముచ్చటగా గీతలు గీసుకున్న వాక్యాలు కనిపించేవి. మూసేసేదాన్ని.

చెవి సంగతి నాన్నతో చెప్పాలనే అనుకున్నాను. అన్నం తినేటప్పుడు చెప్పాలని, చాయ్ ఇచ్చేటప్పుడు చెప్పాలని. ప్రతిసారీ ఇంకేదో మాట అనేసి వచ్చేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్నే నన్ను పిలిచాడు. "బిడ్డా, ఇటు రా." ముందు గదిలో, కిటికీ పక్కన, కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ ఇంట్లో లేదు. కళ్లు మూసుకోమనలేదు ఈసారి. గోడను కొట్టాడు. ఆ పాత చోటే. చిన్నప్పటికంటే ఇంకా ఎక్కువ డొల్లగా పలికింది, లోపల ఇసుక రాలిన చప్పుడు కూడా వినబడింది. ఆయన గోడను చూడడం లేదు. నా ముఖం చూస్తున్నాడు.

"గట్టిది గదా?" అన్నాడు.

ఆ గొంతు నేను అంతకుముందెప్పుడూ వినలేదు. అంత మందిని కాపాడిన మనిషి, రాజు వేషం కట్టిన మనిషి, నన్ను బతిమాలుతున్నట్టు అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు ముఖంలోకి రానివ్వకుండా నవ్వాను.

"అవ్ నాయినా, గట్టిదే. మేస్త్రీలు మల్ల పూసినట్టున్నరు."

ఆ మేస్త్రీల మాట ఎందుకు అన్నానో నాకే తెలియదు. అబద్ధానికి కూడా పూత పూయాలనిపించింది కాబోలు. నాన్న ముఖం విప్పారింది. నా వీపు మీద ఫెడీమని చరిచి, పద్యం అందుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఆయన్ని సంతోషపెట్టానని నేను కూడా సంతోషించాను. ఎట్లాగూ మామ ఉన్నాడు కదా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున పదిన్నరకు సైరన్ మోగింది.

అమ్మ చెప్పులు వేసుకోలేదు. బాయి గేటు దాకా ఇద్దరం పరుగెత్తాం. అప్పటికే అక్కడ నలభై యాభై మంది ఆడవాళ్లు ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఎవరి మనిషో తెలిసేదాకా ఎవరూ ఏడవరు. ఏ షిఫ్టు, ఏ జాగా అని అడిగితే గేటు దగ్గరి మనిషి మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు. నేను కంకర మీద కూలబడ్డాను. దేవుడా, నాన్న కాకుండా చూడు అని మొక్కుకున్నాను. ఎవరైనా సరే, నాన్న తప్ప అని. ఆ మాట సరిగ్గా అలాగే అనుకున్నాను, దాచను.

స్ట్రెచర్ వచ్చింది. దాని మీద మామ. కుడికాలు మోకాలి కింద ఉండవలసిన తీరులో లేదు. పక్కన మా నాన్న నడుస్తున్నాడు, మామ చెయ్యి పట్టుకుని, కళ్లు తప్ప ఒళ్లంతా బొగ్గు.

దవాఖానలో కాలు తీసేశారు. వారం తర్వాత బాయి ఆఫీసులో విచారణ పెట్టారు. నాన్న నన్ను తోడు రమ్మన్నాడు. "సార్లు ఏమడుగుతరో నా చెవి కాడ గట్టిగ చెప్పు" అన్నాడు. వినబడదని ఆయన నాతో ఒప్పుకున్నది అదే మొదటిసారి.

మామ మంచంమీద నుంచి ఇచ్చిన వాంగ్మూలం ముందు చదివారు. "సర్దారు ఆగుమన్నడు. నేనే జల్దీ పడి పోయిన. తప్పు నాదే." అంతే ఉంది అందులో. దాన్ని నేను నాన్న చెవిలో అరిచి చెప్పాను. ఆయన తల ఊపి ఊరుకుంటే ఆ కాగితం అక్కడితో మూసేసేవాళ్లు. అధికారి కలం మూత కూడా పెట్టాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. "ఆయన అబద్ధమాడుతుండు సార్. కప్పు గట్టిదని నేనే చెప్పిన. ఆయన నా ఎనుక ఎప్పుడూ మల్ల కొట్టి సూస్తుండె. నాకు ఎరుకే. కప్పు పడ్డ వారంల, సోమవారం నాడు నేనే వద్దన్న. నా మీద నమ్మకం లేదా, ఇంకోపారి కొడితే నా షిఫ్టులకెళ్లి ఎల్లిపో అన్న. నాకు ఇనవడదు సార్."

అధికారి నా వైపు తిరిగాడు. "ఎప్పటి నుంచి వినబడదో అడగమ్మా."

అడిగాను. నాన్న నా ముఖం చూసి, అధికారికి జవాబు చెప్పాడు. "అనుమానం ఏడాది సంది ఉన్నది. కని ఆ సోమవారానికి ముందటి దినం ఇంట్ల గోడ మీద సూసుకున్న సార్. మంచిగనే చెప్పిన. మా బిడ్డ గూడ అవునన్నది."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. అధికారి రాసుకుంటున్నాడు. ఆ కలం ఆగేలోగా నేను నోరు విప్పవచ్చు. కలం ఆగింది. నేను ఏమీ అనలేదు.

నాన్నను సర్దారు పని నుంచి తీసేసి, బాయి పైన, లోపలికి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇచ్చే గదిలో వేశారు. నాటకం ఆయనే మానేశాడు. ఆ మార్చిలో నాకు పరీక్షలో విషాద నాయకుడి మీదే ప్రశ్న వచ్చింది. ఐదు పేజీలు రాశాను. మంచి మార్కులే పడ్డాయి. ఆ కాగితం మీద లోపమంతా నాయకుడిదే.

మూడేళ్లకు నాన్న రిటైరయ్యాడు, క్వార్టర్ ఖాళీ చేశాం. సామానంతా ట్రాక్టర్లోకి ఎక్కాక, మూలనున్న కర్ర తీసుకోవడానికి నాన్న ముందు గదిలోకి వచ్చాడు. నేను ఊడుస్తున్నాను. ఆయన కర్ర తీసుకుని, ఏం తోచిందో, కిటికీ పక్కన గోడను ఒకసారి పొడిచాడు. తర్వాత ఎడమచెయ్యి గోడకు ఆనించి మళ్లీ పొడిచాడు. నా జీవితంలో ఆయన చెయ్యి ఆనించగా చూడడం అదే.

చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.

"గిది డొల్ల" అన్నాడు.

"అవ్ నాయినా."

"గప్పుడు గూడనా?"

తల ఊపాను. తిడతాడని, కొడతాడని ఎదురుచూశాను. కొడితే బాగుండుననిపించింది.

"ఆ దినం నాకేం ఇనవడలె బిడ్డా" అన్నాడు మెల్లగా. "నీ మొకం సూసి గట్టిదన్న. నువ్వు గూడ గట్టిదంటివి. నా చెవి ఇంక మంచిగనే ఉన్నదనుకున్న." కర్రను నా చేతికిచ్చాడు. "మామకు నువ్వే చెప్పు."

బయట ట్రాక్టర్ పక్కన మామ చంకకర్ర మీద ఆనుకుని, మా మంచాలకు తాడు బిగుతుగా ఉందో లేదో లాగి చూస్తున్నాడు. నన్ను చూసి, "ఏంది కోడలా, గోడలు గూడ ఊడబీక్కొని వస్తవా ఏంది?" అని నవ్వాడు.

నాన్న గుమ్మంలో నిలబడి నా ముఖమే చూస్తున్నాడు. నేను కూడా నవ్వి, కర్రను ట్రాక్టర్లో పెట్టాను. మామకు ఇప్పటికీ చెప్పలేదు.