బొమ్మంటే టాయే కదా సార్

ఆ రోజుల్లో నాకు నాలుగు భాషలు వచ్చని నంద్యాల్లో చెప్పుకునేవాళ్లు. (చెప్పుకునేది ఎక్కువగా నేనే.) తెలుగు ఎట్లా వచ్చిందో అడగాల్సిన పనిలేదు. ఉర్దూ నేను పనిచేసే లేత్ షాపు ఓనరు భాయ్ తిట్లలోంచి వచ్చింది కాబట్టి పలకడం మహా శుద్ధంగా ఉండేది. తమిళం డోన్ హైవే మీద లారీ డ్రైవర్ల దగ్గర పట్టింది. అందులో సగం ఇంట్లో ఆడవాళ్ల ముందర అనకూడదు, మిగతా సగం టీ అడగడానికి సరిపోతుంది. ఇంగ్లీషు మాత్రం బడిలో నేర్చిందే. తొమ్మిదో తరగతిలో జ్వరమని సెలవు చీటీ ఇచ్చి వచ్చాను, ఆ సెలవు ఇంకా అయిపోలేదు. అయినా అంతవరకు నేర్చింది గట్టిగానే నేర్చానని నా నమ్మకం. ఆ నమ్మకమే మా మామ కొన్న రెండు టన్నుల మిషన్‌ను చెన్నై రేవులో మూడు వారాలు కూర్చోబెట్టింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. కెమెరాలు మెడకేసుకుని వచ్చేవాళ్లు దాన్ని శిల్పకళ అంటారు గానీ ఆళ్లగడ్డలో ఆ మాట ఎవరి నోటా రాదు. యాడ పని అని అడిగితే 'బొమ్మల కాడ' అంటారు. నంది బొమ్మ, ఆంజనేయస్వామి బొమ్మ, అమ్మవారి బొమ్మ. ఇరవై అడుగుల విగ్రహమైనా సరే, షెడ్డులో ఉన్నంతకాలం బొమ్మే. నేను లంగోటీ కట్టిన నాటి నుంచి విన్న మాట అది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా కొంప ముంచబోయేది ఇదే.

ముప్పై ఏండ్లు సుత్తి ఎత్తిన మామ కుడి భుజం ఆ ఏడాది ఇంక ఎత్తనని మొండికేసింది. నంద్యాల ఎముకల డాక్టరు సుత్తి పక్కన పెట్టమన్నాడు. ఎన్ని దినాలు పెట్టాలని మామ అడిగితే, డాక్టరు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడే తప్ప దినాలు చెప్పలేదు. అప్పటికే మిడుతూరు దగ్గర ఒక ఊరివాళ్లు ఆరడుగుల నరసింహస్వామిని చెక్కమని చెప్పిపోయారు. ప్రతిష్ఠకు ముహూర్తం కూడా పెట్టుకున్నారు. రాయి వచ్చి షెడ్డులో పడుకుంది. ఒప్పుకున్న బొమ్మను చేయలేనని చెప్పడం మామకు పుట్టినప్పటి నుంచి తెలియదు. ఆ మాట చెప్పాల్సి వస్తుందేమోనని మనిషి అన్నం కూడా ఎడమ చేత్తో కెలుకుతూ కూర్చున్నాడు.

అప్పుడు దిగాను నేను. కంప్యూటర్లో బొమ్మ గీస్తే రాయి మీద తనే చెక్కే మిషన్ చైనాలో దొరుకుతుందనీ, మోటు పనంతా అది చేసేస్తే సన్నపని మామ చేసుకోవచ్చనీ, లేత్ మీద పనిచేసినవాడికి దాన్ని తోలడం పెద్ద విద్య కాదనీ చెప్పాను. మామ చాలాసేపు ఫోన్లో ఆ మిషన్ వీడియో చూశాడు.

"మొగం గూడా అదే చేస్తాదా?" అన్నాడు.

"చేస్తాది మామా."

"చెయ్యొద్దని చెప్పు దానికి."

అంతే, ఒప్పుకున్నట్టు. మిషన్ వస్తే దాని మీద నేనే. లేత్ షాపు మానేసి ఆళ్లగడ్డకు వచ్చేయొచ్చు. అప్పటికి నాకు ఇరవై మూడు. భాయ్ తిట్ల నుంచి విముక్తి అన్న ఆనందంలో తెప్పించే బాధ్యతంతా నాదేనని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను. మా అత్త వంటింట్లోంచే ఒక మాట విసిరింది. "ఈడు తొమ్మిది దాటలేదు, మిషన్‌ను సముద్రం దాటిస్తాడంట."

మిషన్ సముద్రాన్ని బాగానే దాటింది. దాటలేకపోయింది కస్టమ్స్ వాళ్ల బల్లని. విదేశం నుంచి సరుకు వస్తే అదేమిటో, దేనికి పనికొస్తుందో కాగితం మీద రాసివ్వాలి. ఆ రాసే పనికి చెన్నైలో ఒక ఏజెంటును పెట్టుకున్నాం, తమిళాయన. ఒకరోజు నేను లేత్ మీద ఇరుసు తిప్పుతుండగా ఆయన ఫోను. పక్కన గ్రైండరు అరుస్తోంది, వెనక భాయ్ అరుస్తున్నాడు. మిషన్ ఏం చేస్తుందని ఆయన తమిళంలో అడిగాడు. నాకు ప్రశ్న అర్థమైంది! ఆ సంతోషంలో నేనూ తమిళంలోనే, "బొమ్మై సెయ్యుం సార్" అన్నాను. ఆయన, "బొమ్మైయా? టాయ్సా?" అన్నాడు. మూడో తరగతి పుస్తకంలో రంగుల బొమ్మ, దాని కింద టాయ్ అని పెద్దక్షరాలు నా కండ్ల ముందర కదిలాయి. బడి నాకు నేర్పిన దానిలో ఇంత గట్టిగా నిలబడింది ఇంకొకటి లేదు. "ఎస్ సార్, టాయ్స్. బొమ్మంటే టాయే కదా సార్" అన్నాను. ఫోను పెట్టేశాక ఒకే ఫోన్లో రెండు పరాయి భాషలు వాడినందుకు నాకు నేనే టీ ఇప్పించుకున్నాను.

తమిళంలో బొమ్మై అంటే పిల్లలాడుకునేదనీ, విగ్రహాన్ని సిలై అంటారనీ నాకు చెప్పిన లారీ డ్రైవరు ఒక్కడూ లేడు. వాళ్లకూ ఆ అవసరం పడి ఉండదు.

పది రోజుల తర్వాత ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గ్రైండరు ఆగి ఉంది కాబట్టి ప్రతి ముక్కా వినపడింది. ఆయనకు వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని, "ఏమయ్యా, టాయ్ మిషన్ అంటివి. పెట్టి తెరిస్తే గ్రానైట్ కోసే వజ్రం బిట్లు ఉండాది. ఏ పిల్లకాయ ఆడుకుంటాడయ్యా వీటితో?" అన్నాడు. కాగితంలో ఒకటి, పెట్టెలో ఒకటి ఉంటే అబద్ధం చెప్పి సరుకు దాటించబోయినట్టు లెక్కంట. మిషన్‌ను ఆపేశారు. యజమాని స్వయంగా వచ్చి, అది ఏం చేస్తుందో రుజువుతో సహా చెప్పుకోవాలి. అప్పటికీ నచ్చకపోతే ఎప్పుడు వదులుతారో దేవుడికే ఎరుక. ఆ దేవుడేమో షెడ్డులో ఇంకా బండరాయిగానే ఉన్నాడు. ముహూర్తానికి రెండు నెలలు కూడా లేవు.

మామకు ఈ విషయం ఎట్లా చెప్పానంటే, చెప్పలేదు. మా అత్తకు చెప్పి నేను బయట నిలబడ్డాను. తర్వాత మామ బయటికొచ్చి నన్ను కిందికీ పైకీ చూసి, "ఇంగో భాష నేర్చుకోవాకు" అన్నాడు. కోపమొచ్చినా ఆయన ఖర్చుపెట్టే మాటలు అన్నే.

రుజువు కోసం మామ అడుగెత్తున్న నరసింహస్వామిని పట్టుకున్నాడు. పెద్ద విగ్రహానికి నమూనాగా, నొప్పి భుజంతోనే మూడు నెలలు కష్టపడి చెక్కింది అది. కండ్లు ఒక్కటే మిగిలాయి. దాన్ని తెల్ల తువ్వాల్లో తలదాకా చుట్టి, చెన్నై బస్సులో ఒళ్లో పెట్టుకున్నాడు. సంచిలో వేయమంటే వినలేదు. కడప దాటాక పక్క సీటు పెద్దమ్మ ఆ మూటను మురిపెంగా చూసి, ఎన్ని నెలలు నాయనా అని నన్నడిగింది. నా నోరు ఊరుకునే నోరా.

"మూడు నెలలమ్మా. ఇంకా కండ్లు తెరవలేదు" అన్నాను.

ఆమె మొహం నల్లబడిపోయింది. యాడ చూపించినారని అడిగింది. ఇప్పుడు చెన్నైకే తీసకపోతాండామని చెప్పాను. (ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, కావాలంటే మళ్లీ చదవండి.) ఆమె కొంగుముడి విప్పి అహోబిలం కుంకుమ తీసి, మూట మీద నుదురున్న చోటు చూసి పెట్టింది. స్వామికే స్వామి కుంకుమ. మామ కిటికీలోంచి బయటికి చూస్తూ నా తొడ మీద గిల్లిన గిల్లుడు తిరుపతి వరకూ మండింది.

కస్టమ్స్ ఆఫీసులో మా ఫైలు ఒక ఆఫీసరమ్మ దగ్గరుంది. నేను బస్సులో ఏడు ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టి వెళ్లాను. ఆమె తలెత్తి చూసేసరికి ఏడింటిలో ఆరు కిటికీలోంచి సముద్రంలోకి దూకాయి. మిగిలిన ఒకటి 'గుడ్ మార్నింగ్ మేడమ్'. అప్పటికి మధ్యాహ్నం మూడయింది. ఆమె నవ్వలేదు గానీ, మా అవస్థ చూసి తెలుగులోకి దిగింది. వాళ్లింట్లోనూ తెలుగేనంట, అరవదేశం తెలుగు. "టాయ్ అని రాస్తిరే. ఏమి టాయ్, చూపించండి" అంది.

మామ మూటను బల్ల మీద పెట్టి తువ్వాలు విప్పాడు.

నేను బతికినన్నాళ్లూ మరిచిపోను. మూల కూర్చున్న గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఆఫీసరమ్మ చేతులు వాటంతటవే జోడైపోయాయి, కాళ్లు బల్ల కింద చెప్పుల్లోంచి బయటికొచ్చాయి. నాకు ధైర్యం వచ్చింది, గండం గడిచిందనుకున్నాను. అంతలో ఆమె చేతులు విడదీసి, కాగితం వైపు ఒకసారి, స్వామి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఇది స్వామి కదా. స్వామిని టాయ్ అని ఎవరు చెప్పింది?"

మామ నా వైపు తిరగకపోయినా గుమాస్తా తిరిగాడు. నేను నేల వైపు తిరిగాను. ఇందాకటి దాకా అబద్ధం ఒక్కటే, ఇప్పుడు దానికి అపచారం కూడా తోడైంది. మిషన్ పోయింది, ముహూర్తం పోయింది, మళ్లీ ఆ లేత్, ఆ గ్రైండరు, ఆ భాయ్.

అప్పుడు మామ నోరు తెరిచాడు. ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడ్డం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు.

"ఇంగా సామి కాలేదమ్మా. కండ్లు తెరవలేదు, చూడండి. కండ్లు తెరిచేదాంక మేము బొమ్మనే అంటాం. దాని మీద కాలుపెట్టి చెక్కుతాం, పక్కనే కూచ్చొని అన్నం తింటాం. సామి అనుకుంటే సుత్తి ఎత్తగలమా? కండ్లు తెరిచినాంక మేమూ మొక్కేవాళ్లమే. నా అల్లుడు మా ఇంటి మాటే చెప్పినాడు. ఇంగ్లీషులో అది తప్పయితే అయిండొచ్చు. మా షెడ్డులో తప్పు కాదు."

ఆఫీసరమ్మ వంగి స్వామి కండ్ల చోటు చూసింది. నున్నగా, మూసినట్టు కూడా కాదు, ఇంకా మొదలే కానట్టు ఉంది ఆ చోటు. "కన్నులు మిషనే తెరుస్తుందా?" అని మెల్లగా అడిగింది.

"లేదమ్మా. అది రాయి వరకే. కండ్లు నేనే."

ఆమె ఫైలు తన వైపు లాక్కుంది. తర్వాత మిషన్ పుస్తకంలోని ఫోటోలు, మామ ఇదివరకు చేసిన విగ్రహాల ఫోటోలు పెట్టుకుని, తప్పు ఎట్లా జరిగిందో ఉత్తరం రాసి, కాగితం దిద్దించుకుని రమ్మంది. తప్పుకు కట్టాల్సింది ఎట్లాగూ కట్టాలంది. లేవబోతుంటే నన్ను ఆపి, విగ్రహాన్ని ఇంగ్లీషులో ఏమంటారో ఈ కాగితం మీద రాయమంది. స్కల్ప్చర్ అనే మాట నేను విన్నాను, చూడలేదు. ఎస్ రాసి పక్కన కె పెట్టాను. ఆమె దాన్ని కొట్టేసి సరైనది రాసి, కింద పదిసార్లు రాయమంది. భారతదేశపు రేవులో, పెద్దల సమక్షంలో, తొమ్మిదో తరగతి తర్వాత నేను రాసిన మొదటి ఇంపొజిషన్ అది. ఏడోసారికి చెయ్యి తిరిగింది. మామ పక్కన కూర్చుని ప్రతి అక్షరాన్నీ చెక్కుడు పని చూసినట్టు చూశాడు.

పెట్టె ఆళ్లగడ్డకు వచ్చినరోజు వీధి వీధంతా చేరింది. క్రేన్ దాన్ని లారీ మీద నుంచి ఎత్తగానే, దాని పక్కన నల్లరంగుతో ఎవరో ఇంత పొడుగు రాసిన అక్షరాలు కనబడ్డాయి, టాయ్స్ అని. ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఒకతి గట్టిగా చదివింది. ఆరోజు నుంచి ఆ మిషన్ పేరు టాయ్, నా పేరు టాయ్. ఇద్దరిలో ఎవరిని పిలుస్తున్నారో గొంతును బట్టి తెలుసుకోవాలి. మర్యాదగా పిలిస్తే మిషన్‌ను.

స్వామి ముహూర్తానికి లేచి నిలబడ్డాడు. మోటు పని మేమిద్దరం టాయ్‌లం చేశాం, మొగం మామ చేశాడు. ఆ చిన్న నమూనా మాత్రం షెడ్డులో అరుగు మీద ఇప్పటికీ ఉంది. కండ్లు తెరవలేదు. కొనేవాళ్లు ఎందరో అడిగారు. ఎందుకు తెరవవని నేనూ ఒకసారి అడిగాను. "తెరిస్తే నువ్వు ఆ దినం చెప్పింది అబద్ధమైపోతాది గదరా" అన్నాడు మామ, ఉలి సాన పెట్టుకుంటూ.

ఇది జరిగి పదిహేనేండ్లు దాటింది. ఇప్పుడు షెడ్డులో మూడు మిషన్లున్నాయి, కాగితాలు నేనే రాస్తాను, ఆ స్పెల్లింగు నిద్రలో అడిగినా చెబుతాను. పోయిన నెల మామకు నంద్యాల కండ్లాసుపత్రిలో శుక్లాలు తీశారు. కట్టు కట్టిన మనిషిని మంచం మీద చూస్తే నా నోరు మళ్లీ ఊరుకోలేదు. "కండ్లు తెరిచేదాంక నువ్వూ బొమ్మే మామా" అన్నాను. కట్టు కిందనే నవ్వాడు. మర్నాడు నర్సమ్మ కట్టు విప్పింది. మామ రెప్పలు ఆర్పి ఆర్పి, గోడను చూశాడు, ఫ్యాను చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు. విగ్రహానికి ఎక్కడ గీటు మిగిలిందోనని వెతికే చూపు అది, చాలాసేపు చూశాడు.

"ఎంటికలు తెల్లబడిపోయినాయి గదరా టాయ్" అన్నాడు. "నాకెవురూ చెప్పలేదే."