బొట్టు పెట్టి ఇచ్చిన చీర

ఆ వానాకాలం జనగామ బస్టాండులో ఒకామె ఇద్దరు పిల్లలతో తడిసి ముద్దయి కూర్చుంది. ఇల్లు కూలిపోయాక అక్కడే ఉంటున్నారట. చిన్నపిల్ల జ్వరంతో తల్లి తడి కొంగులోనే వణుకుతోంది. నేను సంచిలోంచి ఒక పొడి చీర తీసి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి చాపలేదు.

"బొట్టు పెట్టకుంటనే చీర ఇస్తరా అక్కా? మీ ఊర్ల గిదేం పద్ధతి?" అని నవ్వింది.

"అయ్యో, జర ఆగు చెల్లె" అంటూ పాలకుర్తి గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం విప్పి ఆమె నొసట బొట్టు పెట్టాను. అదే పొట్లంలోంచి ఆమె నాకూ పెట్టింది.

"ఇగ ఇయ్యి" అని చీరను రెండు చేతులా అందుకుని, ముందు పిల్లను చుట్టింది.

ఇల్లు లేనివాళ్లకు బట్టలు ఇవ్వడానికి మా మహిళా సంఘం ఇప్పుడు భూపాలపల్లి దాకా వెళుతుంది. బట్టల మూటకన్నా ముందు నేను సర్దేది కుంకుమ భరిణెనే.