ఓడ మీద మిగిలిపోయిన ఓకోతాయ్

మా దీవికి రేవు లేదు. చుట్టూ పగడపు గట్టు, పడమటి వైపున దానికి ఒకే ఒక్క గండి. రెండు పడవలు పక్కపక్కన పట్టనంత ఇరుకు. ఏ కెరటం వెనక పడవను దూకించాలో, ఎక్కడ మోటారు పైకెత్తాలో కచ్చితంగా తెలిసినవాడు దీవి మొత్తానికి ఓకోతాయ్ ఒక్కడే. మా ఆయన తుతేరుకి సొంత మేనమామ, నాకు మావయ్య. నేర్పమని తుతేరు ఎన్నిసార్లడిగినా, "నేర్పేదేముందిరా, కెరటం వీపు చూడు, మొహం చూడకు," అనేవాడు. అంతకు మించి చెప్పడం ఆయనకు చేతకాదు.

ఆ ఏడాదికి ఆయనకు డెబ్బై ఒకటి నిండాయి. ఆయన భార్య తెపాయెరు అత్తమ్మకు మతి జారడం మొదలై మూడేళ్లు. ముందు పొయ్యి మీద పెట్టింది మరిచిపోయేది. తర్వాత చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ల పేర్లు పోయాయి. ఆ తర్వాత సొంత చెల్లెలు పోయింది, నేను పోయాను. మావయ్య మాత్రం మిగిలాడు. పొద్దున్నే వాననీళ్లతో ఒళ్లు కడిగి, కొబ్బరినూనె రాసి, జడ వేసేది ఆయనే. కొబ్బరి పువ్వు మెత్తగా నలిపి, చేప ముల్లు తీసి, ముద్ద చేసి నోట్లో పెట్టేది ఆయనే. ఇంకెవరు పెట్టినా పెదవి బిగించేసేది.

మా వైపు ఏడాదికి ఒకటో రెండో తెల్ల ఓడలు వస్తాయి. ఎనభై తొంభై మంది షికారు జనం, ఎక్కువమంది తలలు నెరిసినవాళ్లే. రబ్బరు పడవల్లో ఒడ్డుకు దిగి, పక్షుల్ని చూసి, పిల్లల ఆటలు చూసి, మొగలాకు టోపీలు కొనుక్కుని సాయంత్రానికి వెళ్లిపోతారు. ఆ పడవలు గండి దాటాలంటే ముందు మావయ్య ఓడెక్కి, వాటిని నడిపేవాళ్లకి దారి చెప్పి, మొదటి పడవలో ముందు కూర్చోవాలి. తొమ్మిదేళ్లుగా అదే పద్ధతి.

మే నెలలో ఒక గురువారం ఓడ వచ్చింది. మావయ్య అత్తమ్మను చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చాడు.

"కోడలా, పొద్దుటి తిండి అయింది. మధ్యాహ్నం ముద్ద నేనొచ్చి పెడతా."

"ఒక్క పూట నేను పెడతాలే మావయ్యా."

"పెట్టు, నాకేం. వేలు కొరికితే మాత్రం నన్ననకు."

తుతేరు ఆయన్ని మా అల్యూమినియం పడవలో ఓడ దగ్గర దింపి వెనక్కి వచ్చేశాడు. అప్పటికి నీళ్లు అద్దంలా ఉన్నాయి. గంట తిరక్కుండా దక్షిణం నుంచి కెరటాలు మొదలయ్యాయి. ఎక్కడో చలిదేశంలో వారం కిందట వీచిన గాలికి పుట్టినవి అవి. ఇక్కడ కొబ్బరాకు కూడా కదల్లేదు. గండిలో మాత్రం నీళ్లు గోడలా లేచి పడుతున్నాయి. ఓడవాళ్లు రబ్బరు పడవలు దింపడం ఆపేశారు.

తుతేరు రెండుసార్లు బయల్దేరాడు. మొదటిసారి భయపడి తిప్పేశాడు. రెండోసారి పడవ నిట్టనిలువుగా లేచి తిరగబడింది. నలుగురు గట్టు మీద నుంచి దూకి అతన్నీ పడవనీ ఈడ్చుకొచ్చారు. పడవ పక్కభాగం చొట్టపోయింది, తుతేరు మోచెయ్యి చెక్కుకుపోయింది. నా చేతిలో చిన్న రేడియో ఉంది. అందులో మావయ్య గొంతు వినపడింది.

"తుతేరూ, ఇంక రావద్దురా."

"మరి నువ్వెట్లా వస్తావు మావయ్యా?"

"నువ్వొస్తే ఇద్దరం పోతాం. ఊరుకో."

ఓడలో ఏం జరిగిందో మోయెరా అనే అమ్మాయి తర్వాత నాకు చెప్పింది. మా దీవులన్నిటికీ పెద్ద ఊరైన రారోటోంగా పిల్ల, ఆ ఓడలో మా భాష తెలిసిన ఒకే మనిషి. మావయ్య ఓడ పక్కన మెట్ల కింద పలక మీదికి దిగి చొక్కా విప్పేశాడట. ఈదిపోతానన్నాడు. అక్కడున్న ఓడ మనిషి ఆయన జబ్బ పట్టుకుని వదల్లేదు.

"చిన్నప్పటి నుంచీ ఈదిన గండేనే పిల్లా, చెయ్యి వదలమని చెప్పు."

"అది చిన్నప్పుడు తాతా. ఇప్పుడు ఆ గట్టు మీద నీ ఎముకలు ఏరుకోవాలి మేము."

"ఆమె తినదు," అన్నాడట. ఆ మాటే నాలుగైదుసార్లు అని, చొక్కా తొడుక్కున్నాడట.

మా దగ్గర లంగరు వెయ్యడం కుదరదు. గట్టు దాటితే సముద్రం ఒక్కసారిగా పాతాళానికి దిగిపోతుంది. ఓడ అటూ ఇటూ తిరుగుతూ మూడు గంటల దాకా ఆగింది. కెప్టెను రేడియోలో తనే మాట్లాడాడు, మోయెరా మా భాషలో చెప్పింది. ఈ కెరటాలు నాలుగు రోజులు తగ్గవు, ఓడ పరాయి దేశపు రేవు పపేటేకి చేరాల్సిన రోజు దాటకూడదు, పెద్దాయన్ని క్షేమంగా తీసుకెళ్లి ఇంటికి పంపించే పూచీ మాది అన్నాడు. మేం ఏమనగలం? ఊరంతా ఒడ్డున నిలబడి ఉన్నాం.

ఓడ కదిలాక కూడా రేడియో కాసేపు పనిచేసింది.

"కోడలా, దీపం ఆర్పకు, చీకటంటే భయం. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. ముద్ద పెట్టేటప్పుడు ఎదురుగా కూర్చోకు, పక్కన కూర్చో. తినకపోతే బతిమాలకు, కాసేపు వదిలేసి..."

తర్వాత గరగర తప్ప ఏమీ లేదు.

అత్తమ్మ ఆ సాయంత్రం ముద్ద ఉమ్మేసింది. మర్నాడూ అంతే. కొబ్బరి నీళ్లు తాగేది, అంతే. తుతేరు మావయ్య చొక్కా వేసుకుని, ఆయన టోపీ పెట్టుకుని పక్కన కూర్చుని ముద్ద చేశాడు. అత్తమ్మ చొక్కా గుండీలు తడిమి చూసింది.

"దొంగవా నువ్వు?" అంది. "ఆరేసిన బట్టలు ఎత్తుకుపోతావా?"

అతను చొక్కా విప్పి మడిచి ఆవిడ ఒళ్లో పెట్టి బయటికొచ్చేశాడు. మొదటిసారి పడవ వెనక్కి తిప్పకుండా ఉంటే దాటేవాణ్ణేమో అని అతని బాధ.

నేను బడిలో పంతులమ్మను. బడి పక్క గదిలో ఉన్న ఫోను చూసుకునేదీ నేనే. మూడో రోజు పొద్దున మావయ్య ఓడ నుంచి ఫోను చేశాడు. అప్పటికే గదిలో పదిమంది చేరారు.

"బావా, చల్లగదిలో పడుకుంటున్నావంట. మాకూ ఓ మంచం చూడు," అని వెనక నుంచి ఒకతను అరిచాడు. మావయ్య నవ్వలేదు.

"తిన్నదా?"

"లేదు మావయ్యా."

"ఆమెకియ్యి."

ఫోను అత్తమ్మ చెవి దగ్గర పెట్టాను. కాసేపు విని నా వైపు తిరిగింది.

"ఇందులో ఎవరో మగమనిషి ఉన్నాడు."

"మావయ్యే అత్తమ్మా."

"మా ఆయన గొంతు నాకు తెలీదా?" అని ఫోనులోకి మర్యాదగా చెప్పింది. "బాబూ, మా ఆయన సముద్రం మీదికి వెళ్లాడు. ఆయన వచ్చాక రండి."

అటు నుంచి మావయ్య గొంతు నాకూ వినపడింది. "అలాగేనమ్మా," అన్నాడు.

ఆ తర్వాత ఓడ నుంచి ఇంకో రెండుసార్లు చేశాడు గాని ఆవిడతో మాట్లాడతాననలేదు. ఆవిడ తనలో తను సన్నగా కీర్తన పాడుకుంటూ ఉంటే ఫోను దగ్గరగా పెట్టమన్నాడు. పెట్టాను. ఎంతసేపు విన్నాడో, ఫోను పెట్టేసిన చప్పుడు కూడా రాలేదు.

ఓడలో ఆయనకు లోటు చెయ్యలేదు. కిటికీ ఉన్న గది ఇచ్చారు, చెప్పులిచ్చారు, ఓడ బొమ్మ కుట్టిన నీలం కోటు ఇచ్చారు. భోజనాల దగ్గర షికారు జనం పోటీపడి తమ బల్ల దగ్గరికి పిలిచేవాళ్లు. ఓడ వెనక్కి తిప్పమని ముప్పై మందికి పైగా సంతకాలు పెట్టి కెప్టెనుకిచ్చారట. కెప్టెను మావయ్యను పైకి పిలిచి, పటం పరిచి, నూనె లెక్క చూపించి, ఇదీ సంగతి అన్నాడట. అతని మాటలో తప్పేమీ మావయ్యకు కనిపించలేదు. "తప్పుంటే పోట్లాడేవాణ్ణి," అన్నాడు నాతో.

ఒక సాయంత్రం అందరి ముందూ కూర్చోబెట్టి మీ దీవి గురించి చెప్పమన్నారు. మోయెరా పక్కనుండి ఆయన మాటల్ని వాళ్ల భాషలోకి మార్చి చెప్పింది. ఆయన చేపల గురించి కొంత చెప్పి, మధ్యలో అత్తమ్మకు జడ ఎలా వెయ్యాలో చెప్పడం మొదలుపెట్టాడట. చిక్కు పడకుండా కింది నుంచి దువ్వాలి, పై నుంచి దువ్వితే ఏడుస్తుంది అని. ముందు వరసలో ఒక ముసలావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ భర్తకూ అదే జబ్బట, రెండేళ్ల కిందట పోయాడట. "ఆవిణ్ణి ఓదార్చడం కూడా నా మీదే పడింది," అన్నాడు మావయ్య.

పపేటేలో ఓడ దిగేసరికి ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు. పొద్దున్న పడవెక్కినవాడు పాస్‌పోర్టు పెట్టుకుని ఎక్కుతాడా? అది తేలడానికి పదకొండు రోజులు పట్టింది. విమానం ఎక్కి రారోటోంగా చేరాడు. అక్కడ మా ఉత్తరాది దీవులవాళ్లు దిగే సత్రంలో సరుకుల ఓడ కోసం కాచుకున్నాడు. ఇవాళ, రేపు, సోమవారం అంటూ ఇరవై మూడు రోజులు గడిచాయి. రోజూ రేవుకి వెళ్లి ఓడలోకి సిమెంటు బస్తాలు ఎక్కుతున్నాయో లేదో చూసి వచ్చేవాడట.

ఇక్కడ అత్తమ్మ ఐదో రోజున తినడం మొదలుపెట్టింది. ఎవరూ పెట్టలేదు. నేను కంచం అక్కడ వదిలేసి నీళ్లకు వెళ్లాను, వచ్చేసరికి తన చేత్తో తనే తింటోంది. రెండేళ్లుగా ఆ చెయ్యి నోటి దాకా రాలేదు. నాకు ఎంత సంతోషమేసిందో, మావయ్యకు ఫోనులో ఆ మాట చెప్పడానికి అంత కష్టమైంది. చెప్పాను.

"సొంతంగానా?" అన్నాడు.

"అవును మావయ్యా."

"మంచిదే గదా," అన్నాడు.

మూడు వారాల పాటు రోజూ సాయంత్రం గండి దగ్గరికి వెళ్లి కూర్చునేది. ఒక రోజు వెళ్లడం మానేసింది. ఆ ఆదివారం చర్చి అయ్యాక పాస్టరుగారి చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన సముద్రంలో పోయాడయ్యగారూ. ఆయన ఆత్మకోసం నాలుగు మాటలు చెప్పండి."

"పోలేదమ్మా, రారోటోంగాలో ఉన్నాడు. వస్తాడు."

"మీరు మంచివారు," అంది.

మా ఇల్లు వదిలి తన ఇంటికెళ్లి జడ కోసేసుకుంది. భర్త పోయినప్పుడు జుట్టు కోసుకోవడం మా ముత్తవ్వల నాటి ఆచారం, ఇప్పుడెవరూ చెయ్యరు. నల్ల గౌను వేసుకుని గుమ్మంలో చాప మీద కూర్చుంది. వచ్చినవాళ్లందరం కాదని చెప్పాం. ఫోటో చూపించాం. విని తల ఊపేది, మళ్లీ ఏడ్చేది. చివరికి ఆడవాళ్లం అలిసిపోయి, ఆవిడ పక్కన కూర్చుని ఆవిడతో కలిసి కీర్తనలు పాడాం. ఏం చేస్తాం? ఏడుపు నిజమైనప్పుడు పక్కన కూర్చోవాలి గదా. పది రోజులు దుఃఖపడింది. తర్వాత నల్ల గౌను మడిచి పెట్టేసి, పొద్దున్నే లేచి ఆకులు ఊడ్చుకోసాగింది.

నలభై తొమ్మిదో రోజున సరుకుల ఓడ వచ్చింది. ఆ రోజు గండిలోంచి పడవ నడిపింది తుతేరే. మావయ్య ముందు కూర్చుని దారి చెప్పలేదట, చేత్తో సైగ కూడా చెయ్యలేదట. నీలం కోటులో సగానికి సగం చిక్కిపోయి ఉన్నాడు. దారిలోనే అంతా చెప్పాలనుకున్నాను. "తెలుసులే, తుతేరు చెప్పాడు," అని నడక ఆపలేదు.

అత్తమ్మ ముంగిట్లో ఊడుస్తోంది. పొట్టి జుట్టుతో చిన్నపిల్లలా ఉంది. చీపురు ఆపి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"రండి. ఓడలోంచా?"

"తెపాయెరూ, నేనే."

"నా పేరు ఎవరు చెప్పారు?" అని నా వైపు చూసి నవ్వింది. "కూర్చోబెట్టమ్మా, ఎండన పడి వచ్చినట్టున్నారు."

ఆయన వేరే చొక్కా వేసుకుని వచ్చాడు. గడ్డం గీసుకుని వచ్చాడు. పెళ్లినాటి సంగతులు, పురిట్లోనే పోయిన బిడ్డ సంగతి, ఆవిడకూ తనకూ తప్ప ఎవరికీ తెలియనివి చెప్పాడు. అన్నీ శ్రద్ధగా వింది.

"మా ఆయన స్నేహితులా మీరు? ఆయన అన్నీ చెప్పుకునేవాడన్నమాట," అంది. ఆ రాత్రికి తలుపు గడియ వేసుకుంది. పరాయి మగవాణ్ణి ఇంట్లో పడుకోబెట్టదు గదా.

మావయ్య వంటపాకలో చాప వేసుకున్నాడు. ఊళ్లోవాళ్లు తలా ఒక సలహా చెప్పారు. "పాత పడవ పాట పాడు బావా," అన్నారు. పాడాడు. "గొంతు బాగుంది," అంది ఆవిడ. నాలుగు నెలల తర్వాత సలహాలు ఆగిపోయాయి. ఆయన కూడా "నేనే" అనడం మానేశాడు. అన్నప్పుడల్లా ఆవిడకు పోయినవాడు గుర్తొచ్చి ఆ పూట పాడయ్యేది.

ఇప్పటికి రెండేళ్లు. పొద్దున్నే నీళ్లు తోడి గుమ్మం దగ్గర పెడతాడు. చేప తెస్తాడు. ఆవిడ వండి అందులో ఒక భాగం ఆకులో పెట్టి వంటపాకకు పంపుతుంది. తన జుట్టు తనే దువ్వుకుంటుంది, పై నుంచి, చిక్కులన్నీ తెంపుకుంటూ. ఆయన అటు చూడడు. సాయంత్రాలు ఇద్దరూ ముంగిట్లో కూర్చుంటారు. ఆవిడ భర్త గురించి చెబుతుంది. పడవ నడపడంలో అంతటివాడు లేడని, కోపం మాత్రం ఎక్కువని. "కోపం ఎక్కువా?" అని అడుగుతాడు మావయ్య. "ఒకసారి కుండ పగలగొట్టాడు," అంటుంది. "అవునా," అంటాడు.

పోయిన నెల ఆయనకు జ్వరం వచ్చింది. కబురందుకుని నేను వెళ్లేసరికి అత్తమ్మ వంటపాకలో ఆయన నుదుటి మీద తడిగుడ్డ వేసి కూర్చుంది.

"మీవాళ్లకు కబురు పెట్టమంటారా?" అని అడుగుతోంది. "మీ ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది గదా."

"వద్దమ్మా," అన్నాడు మావయ్య. "పెట్టినా అందదు."

"అంత దూరమా?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆవిడ గుడ్డ తీసి, నీళ్లలో ముంచి, పిండి మళ్లీ వేసింది. మూడో రోజుకి జ్వరం దిగింది. నాలుగో రోజు గాలం పట్టుకుని గట్టు మీదికి పోతూ కనిపించాడు.