పాడు లేని రోజు

మా ఆఫీస్ మైక్రోవేవ్ మీద "దయచేసి చేపలు వేడి చేయవద్దు" అన్న కాగితం వెలిసింది నా మూలంగానే. అమెరికా వచ్చి శాంటా క్లారాలో చేరిన రెండో వారమే అందులో చేపల పులుసు వేడి చేశాను. కంప్లైంట్ చేసినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారని తెలిసి ఒళ్ళు మండింది. అప్పట్నుంచి బాక్స్ పట్టుకుని బిల్డింగ్ వెనక, సామాన్ల ట్రక్కులు ఆగే చోట ఉన్న బెంచీ మీద కూర్చుని, చల్లారిన పులుసే తినేదాన్ని.

అక్కడే అక్క పరిచయమైంది. మా కెఫెటేరియాలో వంట చేస్తుంది. యాభై దాటిన మనిషి. పుట్టింది ఘానాలో, సముద్రం పక్కనే ఉన్న ఒక ఉప్పునీటి సరస్సు ఒడ్డున. ఆవిడ బాక్స్‌లో ఊరి నుంచి తెప్పించుకున్న పొగబెట్టిన చేప, మిరపకాయల పచ్చడి ఉండేవి. నేను చేప తల జుర్రుకుంటుంటే చూసి, "నువ్వు నీళ్ళ పక్కన పెరిగిన పిల్లవి" అంది. నిజమే. మాది పులికాట్ సరస్సు ఒడ్డు. మా నాన్న అందులో వల వేసే మమ్మల్ని పెంచాడు. మా భాషలో అక్కంటే ఏమిటో, చెల్లంటే ఏమిటో ఆవిడకి చెప్పాను. ఆ రోజు నుంచి నేను ఆవిడకి చెల్లిని.

అక్క తమ్ముడు ఇంకా ఆ సరస్సులోనే చేపలు పడుతున్నాడు. చిన్న పడవ, చేత్తో విసిరే వల. ఊరంతా అదే బతుకు. అలాంటి చోటికి ఒక కంపెనీ యంత్రాలు తెచ్చి, సరస్సు అడుగు నుంచి ఇసుక తోడుకుంటామని దరఖాస్తు పెట్టింది. అడుగు తవ్వేస్తే చేప గుడ్లు పెట్టడానికి చోటుండదు. ఊరివాళ్ళు అడ్డం తిరిగారు. అధికారులు విచారణ పెడతామని, ఈ సరస్సే మిమ్మల్ని పోషిస్తోందని రుజువు తెమ్మని అడిగారు. ఒక ఏడాది పాటు ఏ రోజు ఎంత చేప పడిందో కాగితం మీద చూపించాలట.

తమ్ముడు రోజూ పడవలన్నీ ఒడ్డుకొచ్చాక లెక్క కనుక్కుని, ఫోన్‌లో మాటలు రికార్డ్ చేసి పంపేవాడు. మాకు లంచ్ వేళకి అది అక్క ఫోన్‌లో ఉండేది. ఆవిడ విని ఇంగ్లీషులో చెప్పేది, నేను లాప్‌టాప్‌లో ఎక్కించేదాన్ని. శని, ఆదివారాలవి సోమవారం కలిపి ఎక్కించేదాన్ని. నా ఉద్యోగమే డేటా పని. "మా చెల్లి పెద్ద ఇంజనీర్, చక్కగా చేస్తుంది" అని తమ్ముడికి చెప్పుకునేది అక్క. ఆ మాటకి నేను పొంగిపోయేదాన్ని కూడా.

ఏడాది అయ్యాక చూస్తే మంగళవారాలన్నీ ఖాళీ. మంగళవారం నేను ఇంటి నుంచి పని చేస్తాను. ఆ రోజు మెసేజ్ వచ్చినా నాకు చెప్పడం అక్క మర్చిపోయి ఉంటుందనుకున్నాను. అడిగితే ఒక్క నిమిషం పని. అడగలేదు. ఖాళీ గడులు కనిపిస్తే ముందు రోజుదీ తర్వాతి రోజుదీ సగటు తీసి నింపడం ఆఫీసులో నాకు అలవాటు. అలాగే నింపేశాను. షీట్ నిండుగా, ముచ్చటగా ఉంది. అధికారులకి పంపించేశాను.

మంగళవారం ఆ సరస్సుకి సెలవు. తాతల నాటి కట్టుబాటు. ఆ రోజు ఎవరూ వల తడపరు. నీళ్ళకీ చేపకీ ఊపిరి తీసుకునే రోజది. విచారణలో ఊరి పెద్దాయన లేచి అదే చెప్పాడట, ఈ సరస్సు ఇన్నాళ్ళు బతికింది మేం ఆ రోజు వదిలిపెట్టబట్టేనని. కంపెనీ లాయరు నా షీట్ పైకెత్తి, "మరి ఏడాది పొడుగునా మంగళవారాలు పట్టిన ఈ చేపలెక్కడివి?" అని అడిగాడట. పెద్దాయనకి అర్థం కాలేదు. పక్కవాళ్ళు చెప్పాక కూర్చుండిపోయాడట. అందరి ముందూ అబద్ధాలకోరు అనిపించుకున్నాడు, ఆ వయసులో.

ఇదంతా తమ్ముడు ఎప్పట్లాగే ఫోన్‌లో చెప్పి పంపాడు. అక్క ఎప్పట్లాగే ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. షీట్ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. నా ముఖం చూసి అంతా గ్రహించింది. తిట్టి ఉంటే బాగుండేది. తప్పు నాదని అధికారులకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఇసుకకి అనుమతి వచ్చింది.

ఆ వారం అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. అంతా విని అమ్మ, "ఏం మే, నువ్వు మన ఇంట్లో పుట్టలేదా?" అంది. "పాడు లేని రోజు చేప రాస్తే, పాడు కాక ఏమవుద్ది?"

మా సరస్సులో ఎవరు ఎక్కడ, ఏ రోజు వల వేయాలో వంతులుంటాయి. ఆ వంతునే పాడు అంటాం. లోకానికి పాడంటే చెడిపోవడం, మాకది అన్నం. పాడు లేని రోజు నాన్న వల ముట్టుకునేవాడు కాదు. ఇంట్లో పచ్చడి మెతుకులే. చేప ఏదని నేను పేచీ పెడితే, "ఇవాళ మనది కాదమ్మా" అనేవాడు. ఖాళీ రోజంటే ఏమిటో అన్నం ముందు కూర్చుని నేర్చుకున్నదాన్ని నేను. ఆ పొరపాటు ఇంకెవరు చేసినా క్షమించవచ్చు. నన్ను నేను క్షమించుకోలేదు.

అక్క ఇప్పటికీ బెంచీ దగ్గరికి వస్తుంది. పొగబెట్టిన చేప మాత్రం తేవడం తగ్గింది. మొన్న తమ్ముడి మెసేజ్ ఒకటి వినిపించింది. చాలాసేపు ఇసుక తోడే యంత్రం మోతే. చివర్న అతని గొంతు, రెండే మాటలు.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"ఇవాళ ఎవరూ వల తీయలేదంటున్నాడు." ఫోన్ పక్కన పెట్టి, "ఏం రాస్తావు చెల్లీ?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

లాప్‌టాప్ తీసి తారీఖు వేశాను. పక్క గడి ఖాళీగా వదిలేశాను. ఆ రోజు శుక్రవారం.