టీచరమ్మ కిటికీలో బొమ్మ

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు సగం నిద్రలో చేరింది. నైట్ షిఫ్టు చేసి వచ్చి, నాలుగు ముద్దలు తిని పడుకున్నాను. కలలో టీచరమ్మ తన వరండాలో కూర్చుని నాకేదో చెబుతోంది. చెబుతూ చెబుతూ సగం మాటలో ఆగింది. మిగతా సగం కోసం నేను ఎదురుగా నిలబడి చూస్తున్నాను. అంతలో నా భార్య భుజం తట్టింది.

"లెవ్వు. టీచరమ్మ పోయింది. నిద్రల్నే పోయిందట."

"జర ఆగు, మాట చెప్తున్నది," అన్నానట నేను. నా భార్య మంచం అంచున కూర్చుంది. ఆమె అలా కూర్చుండిపోయిన తర్వాత నాకు పూర్తిగా మెలకువ వచ్చింది.

మా గోదావరిఖని తెలియనివాళ్లకు ఆ సగం మాట సంగతి చెప్పాలి. మా క్వార్టర్లకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దగ్గర. మధ్యాహ్నం పూట బండలు పేల్చడానికి బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత నేల ఒకసారి కదులుతుంది, కిటికీ రెక్కలు గడగడలాడతాయి, కాసేపటికి సన్నటి దుమ్ము వచ్చి అన్నిటి మీదా వాలుతుంది. మేమందరం ఆ చప్పుడు మీదుగా అరుచుకుంటూ మాట్లాడతాం. టీచరమ్మ మాత్రం సైరన్ వినగానే నోట్లో ఉన్న మాటను ఉన్నచోటే ఆపేది. కిటికీలు నెమ్మదించే దాకా కళ్లు అరమోడ్చి కూర్చునేది. ఆ తర్వాత తడిగుడ్డతో బల్ల తుడిచి, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టేది. మూడో తరగతిలో మాకు ఎక్కాలు చెప్పేటప్పుడూ అంతే. "ఏడార్ల" అని ఆగితే, "నలభై రెండు" వచ్చే లోపు వెనక బెంచీలో మేము ఒక ఆట ఆడేసేవాళ్లం.

చిన్నప్పుడు నాకు టీచరు, పెద్దయ్యాక పక్కింటి మనిషి. ఆమె కూతురు కంపెనీ దవాఖానలో నర్సు, క్వార్టరు ఆ అమ్మాయి పేరు మీద ఉండేది. మా రెండు ఇళ్లకూ మధ్య గోడ ఒక్కటే. నైట్ షిఫ్టు వారాల్లో నేను పగలు పడుకుంటే గోడ అవతలి నుంచి ఆమె కూనిరాగం వినిపించేది. చర్చిలో పాడే పాటే, కానీ ఎప్పుడూ మొదటి చరణం దాటేది కాదు. నేను పడుకున్నానని గుర్తొచ్చినప్పుడు గొంతు తగ్గించేది. అలా తగ్గిన గొంతు వింటూ నేను ఎన్నిసార్లు నిద్రలోకి జారుకున్నానో చెప్పలేను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకుండా టీచరమ్మను తలుచుకోవడం కుదరదు.

నేను గనిలో మట్టీ బొగ్గూ మోసే డంపర్ నడుపుతాను. మా ఇంటి కంటే ఎత్తయిన బండి. నిచ్చెన ఎక్కి పైన కూర్చుంటే కింద మనుషులు చిన్నగా కనిపిస్తారు. ఆ ఎత్తు కొంచెం నెత్తికి కూడా ఎక్కిందేమో. ఆరేళ్ల కింద, మా అమ్మాయి పుట్టిన మూడు నెలలకు, నాలుగేళ్ల మా బాబును తీసుకుని బజారుకు పోయాను. మందుల కోసం టీచరమ్మ కూడా మాతో వచ్చింది. వాడికేదైనా కొనిద్దామని బొమ్మల దుకాణంలోకి వెళ్లాం. అక్కడ ఒక గోడకు నీలం రంగు, ఎదురు గోడకు గులాబి రంగు వేశారు. నీలం గోడ మీద 'బాబు' అని, గులాబి గోడ మీద 'పాప' అని పెద్ద బోర్డులు. ఇటు బండ్లు, తుపాకులు, క్రేన్లు. అటు బొమ్మలు, వంట సామాన్లు, దువ్వెనలు.

"బాబుకేనా అన్నా?" అని దుకాణదారు నీలం గోడ వైపు చెయ్యి చూపించాడు. నేను పచ్చటి డంపర్ ఒకటి ఎంచి, వాడికి చూపిద్దామని తిరిగితే వాడు పక్కన లేడు. గులాబి గోడ కింద ఉన్నాడు. పడుకోబెడితే కళ్లు మూసుకునే బొమ్మను తీసుకుని, నేల మీద కాళ్లు చాపుకుని, ఆ కాళ్ల మీద దాన్ని పడుకోబెట్టి మెల్లగా ఊపుతున్నాడు.

అదే సమయానికి మా షిఫ్టువాళ్లు ఇద్దరు లోపలికి వచ్చారు. అందులో ఒకడు నాకు వరసకు బావ. "ఏంది బావా, కొడుక్కు తొట్టెల గూడ కొంటవా?" అన్నాడు. సరదాకే అన్నాడు. నాకు మాత్రం ముఖం భగ్గుమంది. బాబు కాళ్ల మీది నుంచి బొమ్మను గుంజేశాను.

వాడు ఏడవలేదు. ఖాళీ కాళ్లను అలాగే ఊపుతున్నాడు. ఆ ఊపు ఆగడానికి కాసేపు పట్టింది. ఇప్పటికీ డంపర్ మీద ఒంటరిగా ఉన్నప్పుడు నాకు ఆ చిన్న కాళ్లు కనిపిస్తాయి.

టీచరమ్మ తన మందులు కొనుక్కుని మాతోనే ఇంటికి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం గోడ మీద తట్టి పిలిచింది. నేను పోయి ఆమె వరండాలో నిలబడ్డాను, మూడో తరగతిలో నిలబడినట్టే.

"కొడుకా, పిల్లగాడు నిన్న బొమ్మను ఊపిండు గదా. ఎవల దగ్గర నేర్చిండు?"

"ఏమో టీచర్. ఆడోళ్లను చూసి నేర్చుంటడు."

"నీ భార్యకు కాన్పయినకాన్నుంచి పానం బాగ లేదు. మూణ్ణెల్ల సంది డ్యూటీ నుంచి రాంగనే కాళ్లు కడుక్కోని, పసిపిల్లను కాళ్ల మీద ఏసుకోని ఊపేది..."

సైరన్ మోగింది. టీచరమ్మ ఆగింది. నేల కదిలింది, కిటికీలు గడగడలాడాయి. అంత పొడుగు బ్లాస్టింగ్ నా సర్వీసులో నేను చూడలేదు. ఆమె ఏమంటుందో నాకు ముందే తెలిసిపోయింది. తెలిసిన మాట కోసం అలా నిలబడి ఉండటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. దుమ్ము వాలింది. ఆమె బల్ల తుడిచింది.

"నువ్వే గదా," అంది. "వాడు నీ లెక్క కావాలనుకున్నడు. నువ్వు గుంజుకున్నవ్."

అప్పుడు చూశాను, ఆమె కిటికీలో ఆ బొమ్మ కూర్చుని ఉంది. పొద్దున్నే పోయి తెచ్చుకుందట. "అది నాది. పిల్లగాడు ఎప్పుడన్న వచ్చి ఆడుకుంటడు. నువ్వేం ఫికర్ పడకు," అంది. ఆ తర్వాత చాలా రోజులు మా వాడు ఆ ఇంటికి పోయి ఆడుకున్నాడు. నేను పగటి నిద్రలో ఉంటే గోడ అవతల రెండు గొంతులు వినిపించేవి. ఒకటి పాడేది, ఒకటి నేర్చుకునేది.

బొమ్మ తెచ్చుకుని ఊరుకునే మనిషి కాదు ఆమె. శనివారం వస్తే నల్లగొడుగు పట్టుకుని బజారుకు పోయేది. దుకాణంలో స్టూలు అడిగి కూర్చునేది.

"ఆ బోర్డులు తీసెయ్యి బిడ్డా."

"నేను చేయించినయి కాదు టీచరమ్మా. బొమ్మలు పంపెటోళ్లే గట్ల పంపిన్రు. వచ్చేటోళ్లు గూడ గట్లనే అడుగుతరు."

"నువ్వు అడుగుతున్నవ్ గన్క వాళ్లు చెప్తున్నరు. బాబుకా, పాపకా అని అడగకు. ఎన్నేండ్లు, ఏమిష్టం అని అడుగు."

అతను మర్యాదస్తుడు, చాయ్ తెప్పించేవాడు. బోర్డులు మాత్రం తీసేవాడు కాదు. ఆమె చాయ్ తాగి, "చాయ్ మంచిగుంది, బోర్డులే మంచిగ లేవు," అని చెప్పి వచ్చేది. ఇలా రెండు నెలలు గడిచాయి. బజారులో కొందరు ఆమెకు వయసు మీద పడిందన్నారు. ఆ మాట నాకు వినిపించినప్పుడు నేను కూడా నోరు మూసుకునే ఉన్నాను.

మా దగ్గర ఏ సంగతైనా గేట్ మీటింగ్‌లోనే తేలుతుంది. షిఫ్టు మొదలయ్యే ముందు గని గేటు దగ్గర యూనియన్ వాళ్లు మైకు పెట్టి మాట్లాడతారు, మేము చుట్టూ నిలబడి వింటాం, సరేననుకుంటే చేతులెత్తుతాం. అది చలికాలం. గోదావరి మీది నుంచి వచ్చిన మంచు గేటు దగ్గర ఇంకా విడలేదు. దుమ్మూ మంచూ కలిసి లోకమంతా పాలలో బొగ్గు కలిపినట్టుంది. నాయకుడు క్వార్టర్ల మరమ్మతుల గురించి మాట్లాడి దిగిపోయాడు. మైకు దగ్గర తెల్లచీర, నల్లగొడుగు కనిపించాయి. ఆ నాయకుడూ ఆమె దగ్గర చదువుకున్నవాడే. పది నిమిషాలు ఇమ్మంటే కాదనలేకపోయాడట. నేను చాయ్ కొట్టు వెనక్కి తప్పుకున్నాను.

"అయ్యా, నాకు జీతం వద్దు, బోనస్ వద్దు. బొమ్మల దుకాణంల రెండు బోర్డులు పెట్టి పిల్లలను రెండు దిక్కుల నిలబెడుతున్నరు. నేను బడిల మిమ్ములనందరినీ ఒక్క బెంచీ మీదనే కూసోబెట్టిన."

నవ్వులు వినిపించాయి. ఆమె అవి ఆగే దాకా ఆగింది, బ్లాస్టింగ్‌కు ఆగినట్టే.

"మీల ఎంతమంది ఇంట్ల పసిపిల్లను ఊపి పండవెడుతరు? చేతులెత్తున్రి."

ఎవరూ ఎత్తలేదు. హెల్మెట్లన్నీ నేల చూస్తున్నాయి. నా చెయ్యి జేబులో ఉంది. రోజంతా అంత పెద్ద బండిని తిప్పే చెయ్యి, ఆ జేబులోంచి బయటికి రావడానికి భయపడింది. అప్పుడు మా వాడి ఖాళీ కాళ్లు గుర్తొచ్చాయి. చాయ్ కొట్టు వెనక నుంచి బయటికి వచ్చి చెయ్యెత్తాను. దుకాణంలో నవ్విన బావ పక్కనే ఉన్నాడు. నా చెయ్యి వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు, తర్వాత మెల్లగా తనదీ ఎత్తాడు. ఆ వెనక మరొకటి. మంచులో ముఖాలు కనిపించలేదు. చేతులు మాత్రం ఒకటొకటే తేలి వచ్చాయి.

"గా చేతులతోని కొడుకుకు బొమ్మ ఇయ్యున్రి, బిడ్డకు బండి ఇయ్యున్రి. దుకాణంకు పోయినప్పుడు గా బోర్డులు తియ్యుమని అడుగున్రి. గంతే," అని ఆమె దిగిపోయింది.

సాయంత్రం పోయి, "టీచర్, ఆ బొమ్మ మా ఇంటికి తీస్కపోత," అన్నాను.

"అది నాదని చెప్పిన గదా. నీకు కావాలంటే దుకాణంకు పోయి అడుక్కో."

బాబును తీసుకుని పోయాను. "పాపకా అన్నా?" అన్నాడు దుకాణదారు. "కాదన్నా. మా బాబుకు," అన్నాను.   అతను కిందికి వంగి మా వాణ్ని అడిగాడు. "నీకు ఎన్నేండ్లు బిడ్డా? ఏమిష్టం నీకు?"

మా గేటు మనుషులు ఒక్కొక్కరే పోయి అడిగారేమో, ఎండలు ముదిరే లోపు ఆ దుకాణంలో బోర్డులు పోయాయి. గోడలు రెండూ తెల్లగా అయ్యాయి. ఇప్పుడు డంపర్ల పక్కనే బొమ్మలుంటాయి, క్రేన్ల కింద వంటగిన్నెలుంటాయి. నేను ఆ రోజు కొన్న పచ్చ డంపర్‌ను మా వాడు ఒక్కసారి కూడా ముట్టలేదు. మా అమ్మాయి మాత్రం నడక రాగానే దానికి తాడు కట్టి, రాళ్లు నింపి, వరండా అంతా లాగింది. పెద్దయ్యాక నా బండి కంటే పెద్దది నడుపుతుందట.

టీచరమ్మ గెలిచిందని రాయను. బజారు మూల మీది ఇంకో పెద్ద బొమ్మల దుకాణంలో అలాంటి రెండు బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి. పోయిన నెల ఆమె దవాఖానలో ఉన్నప్పుడు చూడబోతే మొదట అదే అడిగింది.

"మూల మీదోడు తీసిండా?"

"లేదు టీచర్."

"చాయ్ పోస్తడా?"

"పొయ్యడు."

"అయితే కష్టమే," అని నవ్వింది. "అయినా నువ్వు పోతుండు."

పోతున్నాను. శనివారం సెలవు దొరక్కపోతే ఆదివారం పోతున్నాను.

ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన మధ్యాహ్నం అందరం ఆమె వరండాలోనే కూర్చున్నాం. బంధువులు, చర్చివాళ్లు, మా షిఫ్టువాళ్లు. ఆమె కూతురు కిటికీలోంచి బొమ్మను తీసి మా పిల్లల చేతికి ఇచ్చింది. అమ్మ ఇవ్వమందని చెప్పింది. దాని జుట్టు ఊడిపోయింది, గౌను రంగు వెలిసిపోయింది. ముఖం మాత్రం రోజూ తుడవడం వల్ల శుభ్రంగా ఉంది.

"అన్నా, టీచరమ్మ బొమ్మ ఇగ ఎవలది?" అని మా అమ్మాయి అడిగింది.

పదేళ్ల మా బాబు, "ఇది ఇగ" అన్నాడు. సైరన్ మోగింది. వాడు అక్కడే ఆగిపోయాడు. వాడికి అది ఎవరూ నేర్పలేదు. నేల కదిలింది. కిటికీలు గడగడలాడాయి. వాడి చేతుల్లో బొమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. మేమెవరం మాట్లాడలేదు. అలవాటు కొద్దీ అందరం ఆమె ఖాళీ కుర్చీ వైపు చూశాం. దుమ్ము మెల్లగా వచ్చి కుర్చీ మీద, గొడుగు మీద, మా చేతుల మీద వాలింది. బాబు చొక్కా అంచుతో బొమ్మ ముఖం తుడిచాడు.

"నీది, నాది, బాపుది," అన్నాడు.

అని, దాన్ని తెచ్చి నాకు అందించాడు. వరండా నిండా మనుషులున్నారు. నేను నేల మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాను.